కోర్టువారి చీపురు

ముందే చెప్పేస్తున్నాను, న్యాయస్థానాలంటే నాకు భయమూ ఉంది, భక్తీ ఉంది. ఇరవయ్యేడేళ్లుగా వకీలు గుమాస్తాగా బతుకుతున్నవాణ్ణి, ఈ రెండూ లేకపోతే పూట గడవదు. కాబట్టి నేనిక్కడ ఎవరినీ ఏమీ అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే. మధ్యలో మీకు నవ్వొస్తే దానికి పూచీ నాది కాదు.

మా ఊరు గవరమెట్ట. నా పేరు దూసి వల్లభరావు. మా వకీలు ముక్కామల కామేశం గారు. మా ఆఫీసు బీరువాలో అన్నిటికంటే సన్నటి కట్ట కోరాడ పైడితల్లిది. సందు కేసు.

పైడితల్లి ఇల్లు వడ్డివీధిలో ఒక సందు చివర ఉంది. సందు మొదట్లో బలగ గంగునాయుడి ఇల్లు. పంతొమ్మిదేళ్ల కిందట పైడితల్లి కోడి వెళ్లి గంగునాయుడి వంకాయ మడి కెలికింది. మాటా మాటా పెరిగింది. గంగునాయుడు ఒక ఆదివారం నలుగురు తాపీవాళ్లను పెట్టి సందుకి అడ్డంగా రెండు నిలువుల గోడ లేపేశాడు. సోమవారం కోర్టు తెరవగానే కామేశం గారు పరుగెత్తి ఆర్డరు తెచ్చారు, ఉభయపక్షాలూ ఉన్నది ఉన్నట్టు ఉంచవలెనని. ఆర్డరు చేతికొచ్చేసరికి అక్కడ ఉన్నది గోడ. అది మొదలు ఆ గోడ కోర్టువారి రక్షణలోకి వెళ్లిపోయింది. ఒక్క ఇటుక కదిపినా ధిక్కారమే. పైడితల్లి ఇటొక నిచ్చెనా అటొక నిచ్చెనా వేసుకుని పంతొమ్మిదేళ్లుగా గోడెక్కి దిగుతోంది. అప్పుడామెకి నలభై ఏడు, చకచకా ఎక్కేది. ఇప్పుడు అరవయ్యారు. మోకాళ్లు రెండూ పోయాయి.

ఇందులో తమాషా ఏమిటంటే ఇప్పుడు గంగునాయుడికీ ఆ గోడ అక్కర్లేదు. భార్య పోయాక ఆయనకి గోడమీంచి చారో పులుసో గిన్నెలో అందించింది పైడితల్లే. అన్నం లోపలికి దిగుతున్నకొద్దీ పంతం దానంతటదే దిగిపోయింది. మూడేళ్ల కిందట ఇద్దరూ కలిసి మా ఆఫీసుకొచ్చి గోడ తీసేసుకుంటామని రాజీపత్రం రాసి వేలిముద్రలు వేశారు. కానీ కేసు కింది కోర్టులో గెలిచి, పైన ఓడి, అప్పటికే హైకోర్టు దాకా వెళ్లి కూర్చుంది. జడ్జీగారు ఆ కాగితం చదివి కింద ఒక్క సంతకం పెట్టాలి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల కోసమే ఈ కథంతా.

మా అదృష్టం పండి ఈ ఏడు హైకోర్టువారు మా ఊళ్లో ఒక విడిది బెంచి పెట్టారు. పాత ధాన్యం గిడ్డంగికి సున్నం కొట్టి, ఎత్తుగా ఒక వేదిక కట్టి, జస్టిస్ పరిమి విశ్వపతి గారిని కూర్చోబెట్టారు. మంచివారు. ఇది ఎగతాళికి అనడం లేదు. లంచం అన్న మాట చెవిన పడితే చెవి కడుక్కునే మనిషి. పేదవాళ్లంటే నిజంగా కళ్లనీళ్లు పెట్టుకునేవారు. ఆ కన్నీళ్ల వల్లే వచ్చింది చిక్కంతా.

మొదటి వారంలోనే మా కేసు జాబితాలోకి వచ్చింది. పద్నాలుగో నంబరు. పైడితల్లి పెట్టెలో దాచుకున్న నేతచీర కట్టుకుని, గోడ దిగి, నా వెనకాల వచ్చి బల్లమీద కూర్చుంది. పదమూడో నంబరు అయిపోయింది. బంట్రోతు గుమ్మంలో నిలబడి “కోరాడ పైడితల్లీ” అని ఒకసారి పిలిచాడు. ఏ పేరైనా మూడుసార్లు పిలవడం మా కోర్టు ఆచారం. రెండోసారి నోరు తెరిచేలోపే గాలి తిరిగింది.

గిడ్డంగి వెనకే ఊరి పెద్దకాలువ. ఆ కాలువ సంగతి మా ఊరివాళ్ల ముక్కులకి అలవాటే. విశ్వపతి గారి ముక్కు కొత్తది. ఆయన జేబురుమాలు తీసి, ఆ దుర్గంధం ఏమిటని అడిగారు. అది మునిసిపాలిటీ వారి కాలువ అనీ, పదకొండేళ్లుగా పూడిక తియ్యలేదనీ ప్రభుత్వ వకీలు వినయంగా మనవి చేశాడు. ఎందుకు తియ్యలేదని అడిగారు. తియ్యమని ఎవరూ ఆర్డరు వెయ్యలేదు మైలార్డ్ అన్నాడు ఆ మహానుభావుడు.

ఆ ఒక్కమాటతో మా ఊరి చరిత్ర తిరిగిపోయింది. జడ్జీగారు కళ్లజోడు సర్దుకుని, జీవించే హక్కులో ఊపిరి పీల్చే హక్కు ఉన్నదనీ, ఊపిరి ముక్కుద్వారా పీల్చబడును గనుక పౌరుల ముక్కు రాజ్యాంగ రక్షణలో ఉన్నదనీ ఇంగ్లీషులో సెలవిచ్చారు. అక్కడికక్కడే సుమోటోగా, అంటే ఎవరూ అడక్కుండా కోర్టు తనంతట తానే, కేసు కట్టారు. మునిసిపల్ కమిషనరు మధ్యాహ్నం రెండింటికల్లా ఎదుట ఉండాలన్నారు. పద్నాలుగో నంబరు వాయిదా.

కమిషనరు కిలారు ప్రభుదాసు గారు ఒకటిన్నరకే వచ్చి చెమటలు కక్కుకుంటూ నిలబడ్డారు. సిబ్బంది లేరన్నారు, టెండరు పిలవాలన్నారు, కౌన్సిలు తీర్మానం కావాలన్నారు. సాయంత్రం అయిదింటికి కాలువ శుభ్రం కాకపోతే మీరు జైల్లో ఉంటారన్నారు జడ్జీగారు. నాలుగూ నలభైకి కాలువలో నీళ్లు పారాయి. నేను నా కళ్లతో చూశాను. పదకొండేళ్లు దణ్ణాలు పెట్టి, ధర్నాలు చేసి సాధించలేనిది ఒక్క పూటలో జరిగిపోయింది. ఊళ్లో జనం టపాకాయలు కాల్చారు. నేనూ చప్పట్లు కొట్టాను, అబద్ధమెందుకు. పైడితల్లి కూడా కొట్టింది.

ఇంక చూడండి. కార్డుముక్క మీద రాసి పడేస్తే చాలు, కోర్టువారు దాన్నే పిటిషనుగా తీసుకుంటారని ఊరికి తెలిసిపోయింది. మా తపాలాఫీసులో కార్డులు అయిపోయి పక్క ఊరినుంచి తెప్పించారు. ఫలానా వీధిలో కుళాయి రాదు. ఫలానా సందులో దీపం వెలగదు. మా కౌన్సిలరు కూడా తెలివైనవాడే. వార్డు జనం తన గుమ్మంలోకి వస్తే, లోపల కూర్చోబెట్టి తనే కార్డు రాసి, సంతకం మీరు పెట్టండర్రా అనేవాడు. ఓటు వేసినందుకు కనీసం దస్తూరి దక్కిందని జనం కూడా సంతోషించారు.

జడ్జీగారు ఒక్క కార్డూ పారేసేవారు కాదు. కుళాయిల విషయంలో నిరంతర పర్యవేక్షణ ఆర్డరు వేశారు. ఏ కుళాయిలో ఏ నిమిషాన నీళ్లు వచ్చిందీ, ఏ నిమిషాన ఆగిందీ రోజూ ప్రమాణపత్రం దాఖలు చెయ్యాలి. ఆ ప్రమాణపత్రాలు సరైనవో కావో చూడ్డానికి ఒక సంఘం, ఆ సంఘం సరిగా చూస్తోందో లేదో చూడ్డానికి ఇంకో సంఘం. రెండో సంఘానికి కూర్చోడానికి చోటు లేదని మూడో పిటిషను.

తర్వాత వీధికుక్కల కేసు. ఇక్కడ మా కామేశం గారి యోగం తిరిగింది. ఆయన్ని కోర్టుకి స్నేహితుడిగా, అంటే ఏ పక్షమూ కాకుండా కోర్టుకి సలహా చెప్పే వకీలుగా నియమించారు. స్నేహితుడు కదాని ఆయన ఒక ధర్మసందేహం లేవదీశారు. కుక్కల వాదన వినకుండా వాటిని ఊరవతలికి పంపితే సహజన్యాయం ఏమైపోతుందని. జడ్జీగారు అరగంట ఆలోచించి, నిజమే, నోటీసులివ్వండన్నారు. నోటీసులు పట్టుకుని కోర్టు అమీనా సూరన్న బయల్దేరాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసున్నవాడు, రిపోర్టు రాయడంలో వంక పెట్టడానికి లేదు. ఆ కాగితం నేనే కాపీ తీశాను:

“ఒకటో ప్రతివాది, నల్లది, తోక లేనిది, నోటీసు నోటితో పుచ్చుకొని నా ఎదుటనే నమిలినది. రెండో ప్రతివాది నోటీసు పుచ్చుకొనుటకు నిరాకరించి మొరిగినది. మూడో ప్రతివాది చిరునామాలో లేదు. ఇరుగుపొరుగు వారిని విచారించగా సంతకు వెళ్లినట్లు తెలిసినది. చెత్తకుండీకి నోటీసు అంటించి వచ్చితిని.”

కోర్టువారు దీన్ని చదివి, నోటీసుల సర్వీసు సక్రమంగా జరిగినట్టు నమోదు చేసుకున్నారు. పద్నాలుగో నంబరు ఆ రోజు నలభైరెండో నంబరుకి దిగింది.

ఇంక చీపురు సంగతి. వీధులు ఊడ్చే ఆడవాళ్లు నడుం వంచి వంచి చచ్చిపోతున్నారని ఎవరో కార్డు రాశారు. నిజమైన బాధే, పాపం. జడ్జీగారు చీపుర్ల పొడవెంతో చూస్తాను తెమ్మన్నారు. మునిసిపాలిటీ వారు ఒక చీపురు తెచ్చారు. అది మంచిది ఏరి తెచ్చారేమోనని అనుమానం వచ్చి వారి దగ్గరున్న చీపుర్లన్నీ తెమ్మన్నారు. నూట అరవై చీపుర్లకి చీటీలు కట్టి, నంబర్లు వేసి, సాక్ష్యం చెడిపోకుండా కోర్టు అధీనంలోకి తీసుకున్నారు. ఊడ్చేవాళ్లు తొమ్మిది రోజులు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. పదో రోజు, వీధులు ఊడవనందుకు మునిసిపాలిటీ మీద కోర్టువారు సుమోటోగా కొత్త కేసు కట్టారు. చీపుర్లు కోర్టువారి దగ్గరే ఉన్నాయని మనవి చేస్తే, అవి వేరే కేసులో సాక్ష్యమనీ, దీనితో కలపకూడదనీ ఆర్డరైంది. చట్టప్రకారం అది ముమ్మాటికీ సరే, నేను పుస్తకం తీసి చూశాను.

ఈ గొడవలో మునిసిపాలిటీ ఎలా ఉందో చూద్దామని ఓనాడు కమిషనరు గారి దగ్గరికి వెళ్లాను. మొదట్లో గడగడలాడినవారు, ఇప్పుడు ఒళ్లు చేసి, మొహాన కళ తిరిగి ఉన్నారు. బల్లమీద ఒక్క ఫైలు లేదు. ఎవరే అర్జీ తెచ్చినా, విషయము గౌరవ న్యాయస్థానము వారి పరిశీలనలో ఉన్నందున ఈ కార్యాలయము జోక్యము చేసుకొనజాలదు అని రబ్బరు స్టాంపు గుద్ది పంపేస్తున్నారు. గోడకి క్యాలెండరు తగిలించడానికి మేకు కొట్టాలన్నా కోర్టు అనుమతికి రాసి వూరుకున్నారు.

“ఇరవయ్యేళ్ల సర్వీసులో ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేనండీ వల్లభరావు గారూ,” అన్నారాయన. “ఇదివరకు కాలువ తీయిస్తే ఈ వీధివాళ్లు తిట్టేవారు, తియ్యకపోతే ఆ వీధివాళ్లు తిట్టేవారు. ఇప్పుడు రెండు వీధులవాళ్లూ కోర్టుకే దణ్ణం పెట్టుకుంటున్నారు. నా జోలికి ఎవరూ రావడం లేదు.”

ఇటు కోర్టులో అసలు కేసులు పేరుకుపోయాయి. దావాలూ అప్పీళ్లూ కట్టలు కట్టలుగా చీపుర్ల పక్కన పడి ఉన్నాయి. మాది రెండువందల పన్నెండో నంబరు. అందరూ కలిసి కామేశం గారిని తోస్తే ఆయన ఒకరోజు ధైర్యం చేసి లేచి, ఒక రాజీపత్రం ఉంది మైలార్డ్, రెండే నిమిషాలు అన్నారు. జడ్జీగారు తలెత్తి చూశారు. మనిషి చిక్కిపోయారు, పాపం. తెల్లవారుజామున నాలుగింటికే లేచి కుళాయిలు చూడ్డానికి వెళ్తున్నారట.

“ఊరు దాహంతో ఉంటే మీరు గోడ గురించి మాట్లాడతారా కామేశం గారూ? నేను చెయ్యకపోతే ఈ పని ఎవరు చేస్తారు చెప్పండి,” అన్నారు.

కామేశం గారు రాజీపత్రం మళ్లీ కట్టలో పెట్టేసి కూర్చున్నారు. ఆయన కోర్టుకి స్నేహితుడు కదా. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ గుమాస్తాకి కోర్టులో నోరు ఉండకూడదు.

ఆషాఢం వానల్లో పైడితల్లి నిచ్చెన మీంచి జారింది. కుడి మణికట్టు విరిగింది. వీధివాళ్లు నులకమంచానికి కట్టి ఆమెను గోడ దాటించి ఆసుపత్రికి పట్టుకెళ్లారు, కట్టు కట్టించి మళ్లీ అలాగే గోడ దాటించి ఇంట్లో దింపారు. ఇంక ఆమె ఇల్లు దాటడం లేదు. ఒంటిచేత్తో నిచ్చెనెక్కలేదు. ఇప్పుడు గంగునాయుడే పొద్దునా సాయంత్రమూ చారు కాచి గోడమీంచి తాడుతో దింపుతున్నాడు. డెబ్భై ఏళ్ల మనిషి, గడ్డపార తెచ్చి ఆ గోడని ఒక్క పోటు పొడవాలని చెయ్యి దురదపెడుతోందనేవాడు. పొడిస్తే ఆర్నెల్లు జైలు.

నేను ఇవతలి నిచ్చెనెక్కి గోడమీంచి తల పెట్టి పలకరించాను. పైడితల్లి గుమ్మంలో కూర్చుని ఉంది. కేసు సంగతి అడగలేదు. ఇంకో సంగతి అడిగింది.

“గుమస్తా బాబూ, నాను సచ్చిపోతే నన్ను కూడా ఆ మంచానికి కట్టి గోడమీంచే దింపుతారేటి? బతికున్నప్పుడు ఎలాగూ గోడలెక్కే బతుకైపోనాది. పోయీటప్పుడైనా నా గుమ్మంలోంచి, నా సందులోంచి తిన్నగా ఎల్లాలని ఉన్నాది బాబూ. అదొక్కటే నాకు కావాల.”

నేను నిచ్చెన దిగేశాను. దిగాక ఆలోచన వచ్చింది. ఊరంతా కార్డులు రాస్తుంటే మనమెందుకు రాయకూడదు? అక్కడికక్కడే పైడితల్లి పేరున కార్డు రాసి పడేశాను. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. కుక్కకి నోటీసిచ్చిన కోర్టు మనిషికి ఇవ్వకుండా ఉంటుందా అని ఆత్రంగా చింపి చూశాను. “మీ లేఖలోని విషయము వ్యక్తిగత వివాదమైనందున ఇందులో ప్రజాప్రయోజనము కానరాదు. ఇట్టి వివాదములను తగు న్యాయస్థానములో తేల్చుకొనవలెను” అని ఉంది. అంటే, కోర్టు పని కానిదైతే కోర్టులో వెంటనే తెమలుతుంది. కోర్టు పనే అయితే వేరే కోర్టు వెతుక్కోవాలి.

ఇలా ఉండగా మునిసిపాలిటీలో మరో వింత మొదలైంది. పనిలేక కూర్చున్న ప్రభుదాసు గారి దగ్గరికి ఒకరోజు కొబ్బరిచెట్టు కోసం కొట్టుకుంటున్న అన్నదమ్ములు వచ్చారు. వాళ్ల దావా కోర్టులో ఎనిమిదేళ్లుగా ఉంది. ఎవరో ఒకరికి చెప్పుకోవాలి గనక వచ్చి చెప్పుకున్నారు. కమిషనరు గారికి ఆ చెట్టు తెలుసు, ఆ పెరడు తెలుసు. పది నిమిషాలు విని, ఈ ఏడాది కాయలు నువ్వు తీసుకో, వచ్చే ఏడాది నువ్వు అని తేల్చేశారు. ఇద్దరూ దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. ఇరవయ్యేళ్లలో ఆయనకి ఎవరూ అలా దణ్ణం పెట్టలేదట. ఆ రుచి మరిగారు. మర్నాడు పదిమంది, వారం తిరిగేసరికి మునిసిపల్ ఆఫీసు వరండా అంతా వాదులూ ప్రతివాదులూ. ఆఫీసు బంట్రోతు కూడా పేర్లు మూడేసిసార్లు పిలవడం నేర్చేశాడు. పన్నుల గుమాస్తా తీర్పులు రాస్తున్నాడు. ఊరివాళ్లకి మాత్రం గందరగోళమేమీ లేదు. కాలువకి కోర్టుకి వెళ్లాలి, తగువుకి మునిసిపాలిటీకి వెళ్లాలి. అంతేకదా.

నేను కోర్టు ఉప్పు తిన్నవాణ్ణి. అయినా సిగ్గు విడిచి, పైడితల్లి రాజీపత్రం పట్టుకుని మునిసిపాలిటీకి వెళ్లాను. ప్రభుదాసు గారు చదివి, ఇందులో విచారించడానికి ఏముందండీ అని, కింద ఆకుపచ్చ సిరాతో “రాజీ అంగీకరించడమైనది, గోడ తీయవచ్చును” అని రాసి సంతకం పెట్టారు. ఒక నిమిషం కూడా పట్టలేదు.

గంగునాయుడు సంతోషం పట్టలేక నిచ్చెనెక్కి గడ్డపారతో పైవరస మీద ఒక్క పోటు పొడిచాడు. ఒక్క ఇటుక పడింది. అది కిందపడిన చప్పుడు కోర్టుకి ఎలా వినబడిందో గానీ, అరగంటలో సూరన్న పరుగెత్తుకొచ్చి ఆపమన్నాడు. కమిషనరు, గంగునాయుడు, నేను, ముగ్గురం మర్నాడు కోర్టులో చేతులు కట్టుకుని నిలబడ్డాం.

ఆరోజు విశ్వపతి గారి ఆగ్రహం చెప్పనలవి కాదు. వేదికమీద ఆయనకి ఎడమపక్క చీపుర్ల కుప్ప, కుడిపక్క కుళాయిల ప్రమాణపత్రాలు, ఎదురుగా ఇంకో కార్డు పుణ్యాన వచ్చి చేరిన దోమల మందు కొట్టే మిషను. ఆ మధ్యన కూర్చుని ఆయన అధికార విభజన గురించి గంటంపావు సెలవిచ్చారు. శాసనం చేసేవాళ్లు చెయ్యాలి, అమలు చేసేవాళ్లు అమలు చెయ్యాలి, న్యాయం చెప్పేవాళ్లు చెప్పాలి, ఒకరి కంచె ఇంకొకరు దాటితే ప్రజాస్వామ్యం కూలిపోతుందన్నారు. కాలువలు తీయించవలసిన అధికారి తీర్పులు చెప్పడమా అన్నారు. మధ్యలో ఒకసారి ఆగి, మూడో వార్డులో నీళ్లు వదిలారో లేదో కనుక్కురమ్మని బంట్రోతుని పంపించి, మళ్లీ అందుకున్నారు. ఆఖరికి, నీకెవరిచ్చారయ్యా ఈ అధికారం అని కమిషనరు గారిని నిలదీశారు.

ప్రభుదాసు గారు తల వంచుకుని, చాలా మెల్లిగా అన్నారు.

“ఎవరూ ఇవ్వలేదు మైలార్డ్. జనం వచ్చి నిలబడితే, నేను చెయ్యకపోతే ఎవరు చేస్తారు అనిపించింది.”

జడ్జీగారు ఎదురుగా ఉన్న మిషను వంక చూశారు. ఆ తర్వాత, ధిక్కారం ఎంతమేరకు జరిగిందో, ఎన్ని ఇటుకలు పోయాయో తామే స్వయంగా తనిఖీ చేస్తామన్నారు. తనిఖీలంటే ఆయనకి అప్పటికి బాగా అలవాటు.

మధ్యాహ్నం నల్లకోటుతో సహా వడ్డివీధికి వచ్చారు. పడిన ఇటుక పైవరసది, కిందనుంచి చూస్తే లెక్క తేలదు. నిచ్చెన చూపించాం. పట్టుకోండయ్యా అని ఎక్కడం మొదలుపెట్టారు. నేనొక పక్క, కమిషనరు గారొక పక్క పట్టుకున్నాం. మూడో మెట్టు దగ్గర ఒకసారి, ఆరో మెట్టు దగ్గర ఒకసారి ఆగి రొప్పారు. మొత్తానికి గోడెక్కి, కోటు సర్దుకుని, కాళ్లు అటువైపు వేసి కూర్చున్నారు. అవతల గుమ్మంలో విరిగిన చెయ్యి మెడకి కట్టుకుని పైడితల్లి ఉంది.

రోజూ ఇలాగే ఎక్కి దిగుతున్నావా అమ్మా అని అడిగారాయన. పంతొమ్మిదేళ్లు ఎక్కాను, రెణ్ణెల్లుగా ఎక్కలేకపోతున్నానంది. మరి నాకెందుకు చెప్పలేదన్నారు. పైడితల్లి లేవడానికి ప్రయత్నించి, చాతగాక, కూర్చునే చెప్పింది.

“సెప్పుకుందామనే కోర్టుకొచ్చాను బాబూ. ఒకసారి పిలిసీసి, మళ్లీ పిలవనేదు. కాలవ తియ్యడానికి ఊళ్లో పదిమందున్నారు. కుక్కల్ని పట్టడానికి మనుసులున్నారు. ఆళ్లు సెయ్యకపోతే తిట్టడానికి మేవున్నాం. తీరుపు సెప్పడానికి మీరొక్కలే ఉన్నారు. ఆ పని మీరు మానేత్తే, నానింకెవుల్ని అడిగీది?”

ఎండ మాడు మీద కొడుతోంది. విశ్వపతి గారు దిగుతారేమో అని మేం నిచ్చెన గట్టిగా పట్టుకున్నాం. దిగలేదు. రెండువందల పన్నెండో నంబరు కట్ట తెమ్మని బెంచి గుమాస్తాని పంపించారు. కట్ట వచ్చింది. ఎంత గోడమీదైనా ఆచారం ఆచారమే కదా, బంట్రోతు సందులో నిలబడి కోరాడ పైడితల్లిని మూడుసార్లు, బలగ గంగునాయుడిని మూడుసార్లు గట్టిగా పిలిచాడు. ఆమె గోడకి అటునుంచీ, ఆయన ఇటునుంచీ పలికారు. ఎవరి బలవంతమూ లేకుండానే ఈ రాజీకి ఒప్పుకున్నావా అని జడ్జీగారు గంగునాయుణ్ణి అడిగారు. ఇన్నాళ్లూ ఈ గోడ ఉంచమని బలవంతం పెట్టింది కోర్టువారే బాబూ, ఇంకెవరూ కాదు అన్నాడు గంగునాయుడు. అది నమోదు చెయ్యలేదు.

జడ్జీగారు కాగితం మోకాలిమీద పెట్టుకుని చదివి సంతకం చేశారు. నేను గడియారం చూశాను. ఒక నిమిషం యాభై సెకన్లు. ధిక్కారం కేసు కూడా అక్కడే కొట్టేశారు. ఆర్డరు వెంటనే అమల్లోకి వస్తుంది గనక గంగునాయుడు గడ్డపార అందుకోబోయాడు. ముందు జడ్జీగారిని దింపాలని అందరం బతిమాలి ఆపాం.

పొద్దువాలేసరికి గోడ నేలమట్టమైంది. పైడితల్లి గుమ్మం పట్టుకుని లేచి, ఇటుకపెళ్లల మధ్యనుంచి కాళ్లీడ్చుకుంటూ సందు మొదటిదాకా వచ్చింది. గంగునాయుడు ముందుకెళ్లి పెళ్లలు పక్కకి నెడుతున్నాడు. ఆమె వీధిలో నిలబడి అటూ ఇటూ చూసి, కళ్లొత్తుకుని, మళ్లీ లోపలికి వెళ్లింది. ఊరికే మూడుసార్లు అలా వచ్చి వెళ్లింది. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. నా వయసువాడు వీధిలో నిలబడి ఏడిస్తే బాగుండదు.

మర్నాటినుంచి కోర్టులో ఒకటో నంబరునుంచి కేసులు పిలుస్తున్నారు. విశ్వపతి గారు వింటున్నారు, తీర్పులు చెబుతున్నారు. చీపుర్లు వాటి సొంతదార్లకి వెళ్లిపోయాయి. కార్డులు మాత్రం, మీ మునిసిపాలిటీ వారిని అడగండి, వారు చెయ్యకపోతే ఎందుకు చెయ్యలేదో మాచేత అడిగించండి అని రాసి తిప్పి పంపుతున్నారు. కామేశం గారికి కుక్కల స్నేహం తప్పింది.

పదిరోజుల తర్వాత పైడితల్లి తన సందులోంచి తన కాళ్లమీద నడుచుకుంటూ మునిసిపల్ ఆఫీసుకి వెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. ప్రభుదాసు గారి బల్ల ఎదుట నిలబడి, తన సందులో చీకటిగా ఉందనీ, ఒక దీపం వేయించమనీ అడిగింది. ఆయన తల ఎత్తకుండానే, కోర్టుకి ఒక కార్డు రాసి పడెయ్యమ్మా అన్నారు.

“ఆ బాబు కేసులు ఇంటన్నారు. ఆరికి కాళీ నేదు,” అంది పైడితల్లి. “మీరే ఎయ్యాల.”

కమిషనరు గారు తల ఎత్తారు. ఆమెనొకసారి, నన్నొకసారి చూశారు. పని నెట్టెయ్యడానికి ఇంకెవరైనా ఉన్నారేమోనని అలవాటు చొప్పున కుర్చీలో వెనక్కి తిరిగి కూడా చూశారు. అక్కడ ఎవరూ లేరు. ఇంక చేసేదిలేక, తన కలం తనే తీసి, మూత విప్పి, ఏ సందమ్మా మీది అని అడిగారు.